పెన్ను, కత్తి, బంగారం: దేశాల విలువల్ని పోల్చే లెక్కలు

మన ఇళ్లలో అన్నప్రాసన నాడు పాయసం నాకించాక చాప మీద కొన్ని వస్తువులు పరుస్తాం. పెన్ను, పుస్తకం, బంగారు గొలుసు, చిన్న కత్తి, పూలు, గిన్నెలో అన్నం. అప్పుడప్పుడే పాకుతున్న బిడ్డను వాటికి ఎదురుగా దించి, ఏది పట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. పెన్ను పట్టుకుంటే చదువుల తల్లి, గొలుసు పట్టుకుంటే సిరిగల తల్లి. కొరియాలో ఇదే వేడుకను మొదటి పుట్టినరోజున చేస్తారు, దాని పేరు దోల్‌జాబి. చైనాలోనూ ఉంది, అక్కడ జువాజో అంటారు. పెద్దల మాటకు ఎదురు చెప్పనివ్వరని పేరుపడ్డ మూడు సమాజాలూ మాటలైనా రాని బిడ్డను, నీకేం కావాలో నువ్వే తీసుకోమంటున్నాయి. అదే బిడ్డ పదో తరగతి పాసై ఎంపీసీయా, బైపీసీయా, ఆర్ట్సా అన్న చోటికి వచ్చేసరికి మన ఇళ్లలో చాలా వరకు ఆ చాప చుట్టేసి ఉంటుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. తారుమారైన అక్షరాలను సరిచేసి మాటలు కట్టే ఆట. కొందరు పిల్లలను ఏ కట్ట తీసుకోవాలో, ఏ రంగు పెన్నుతో రాయాలో మీరే ఎంచుకోమన్నారు. కొందరికి ఆట ఆడిస్తున్న ఆవిడే ఎంచి ఇచ్చింది. ఇంకొందరికి, ఇది మీ అమ్మ ఎంచింది అని చెప్పి ఇచ్చారు. తెల్ల అమెరికన్ పిల్లలు తాము ఎంచుకున్నప్పుడు బాగా ఆడారు. ఇంట్లో చైనీస్, జపనీస్ మాట్లాడుకునే పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు ఇంకా బాగా ఆడారు. అమ్మ చెప్పినట్టే చేశానని అమ్మతో చెప్పరూ అని ఒక పాప ఆవిడను అడిగిందట. 1999లో అచ్చయిన ఈ ప్రయోగంలో అంకెలు మరిచిపోయినా ఆ పాపను మరిచిపోలేను. అమ్మ మాట వెంట ఉందనుకుంటే ఆ పాపకు బలం వచ్చింది. అలాంటి పిల్లలు మన ఇళ్లలో కోకొల్లలు.

నాయకత్వం సంగతి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో, పెంపకం సంగతి మనస్తత్వ శాస్త్రంలో, పని సంగతి ఆర్థిక శాస్త్రంలో విడివిడిగా చర్చకు వస్తుంటాయి. కొన్నేళ్లుగా ఈ మూడింటినీ కలిపి చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం బలపడింది. ఒక దేశపు విలువలని మనం చెప్పుకునేవాటిలో ఎక్కువ భాగం అక్కడి జనం తమ బతుకుతెరువుకు, ఇళ్లకు, చట్టాలకు సర్దుకున్న తీరే. ఆ ఏర్పాట్లు మారిన చోట విలువలు ఒకటి రెండు తరాల్లోనే మారిపోయాయి. అందుకే, ఏర్పాటును అక్కడే వదిలేసి విలువను మాత్రం మనం తెచ్చుకోవాలని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోలేను.

దేశాల విలువలకు మార్కులు వేసే పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టినవాడు డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్. 1967 నుంచి 1973 దాకా ఐబీఎం కంపెనీ తన ఉద్యోగులతో నింపించిన లక్షా పదహారు వేల ప్రశ్నపత్రాలు ఆయనకు ఆధారం. 1980లో వేసిన పుస్తకంలో 40 దేశాలకు నాలుగు కొలతల మీద అంకెలిచ్చాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్నది ఒక కొలత. అందులో ఇండియాకు 77, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18. తన కాళ్ల మీద తను నిలబడడం, తన దారి తను చూసుకోవడం, అంటే వ్యక్తివాదం, ఇంకో కొలత. అందులో అమెరికాకు 91, ఇండియాకు 48, జపాన్‌కు 46. మేనేజ్‌మెంట్ చదివిన ప్రతివాళ్లూ ఈ అంకెల్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

ఆ పని చిన్నది కాదు. అంతకు ముందు గాలిలో కత్తి తిప్పినట్టు సాగిన చర్చకు ఒక కొలబద్ద దొరికింది. అయితే ఆ జవాబులిచ్చింది ఎవరు? ఒకే కంపెనీలో ఉద్యోగం దొరికినవాళ్లు, ఎక్కువ మంది మగవాళ్లు, చదువుకున్నవాళ్లు. 1970 నాటి ఐబీఎం ఉద్యోగి అనంతపురం వేరుశనగ రైతు మనసుకు, నల్లగొండ బీడీ కార్మికురాలి మనసుకు ప్రతినిధి కాగలడా? బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో రాసిన విమర్శలో ఈ ప్రశ్నే గట్టిగా అడిగాడు. ఇండియా, జపాన్‌లకు వ్యక్తివాదంలో రెండే మార్కుల తేడా రావడం చూసినా కొలబద్ద ఎంత మోటుదో తెలుస్తుంది. జపాన్ ఉద్యోగి విధేయత కంపెనీకి, మనవాడి విధేయత ఇంటికి. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఆ రెండు దేశాల గురించీ తెలిసింది తక్కువే.

తరవాత వచ్చిన పెద్ద ప్రయత్నం రాబర్ట్ హౌస్ నడిపిన గ్లోబ్ అధ్యయనం. 62 సమాజాల్లో, 951 సంస్థల్లో దాదాపు 17,000 మంది మధ్య స్థాయి మేనేజర్లను అడిగి 2004లో ఫలితాలు అచ్చువేశారు. వీళ్లు ఒక తెలివైన పని చేశారు. మీ దగ్గర ఎలా ఉంది అని ఒకసారి, ఎలా ఉండాలి అని మరోసారి అడిగారు. పై అధికారికీ తమకూ మధ్య ఇప్పుడున్న దూరం తగ్గాలని దాదాపు ప్రతి సమాజంలోనూ అన్నారు, మన దేశంలో కూడా. మనవాళ్లకు పెత్తనం ఇష్టం, పైనుంచి గట్టిగా చెప్పేవాడు ఉంటేనే పని జరుగుతుంది అని మన దగ్గర తరచూ వినిపించే మాటకు ఇది సూటి జవాబు. ఉన్నదాన్ని భరించడం వేరు, కోరుకోవడం వేరు. నిజాయితీపరుడు, ఉత్సాహం నింపేవాడు కావాలని అన్ని చోట్లా అన్నారు. కసురుకునేవాడు, నియంతలా ఉండేవాడు వద్దని కూడా అన్ని చోట్లా అన్నారు.

ఇంతకీ విలువలు ఎక్కడ పుడతాయి? నాకు తృప్తినిచ్చిన జవాబు దేశాల పట్టికల్లో దొరకలేదు. 1969లో మెల్విన్ కోన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు రాసిన పుస్తకంలో దొరికింది. వాషింగ్టన్‌లోనూ ఇటలీలోని ట్యూరిన్‌లోనూ ఆయన తల్లిదండ్రుల్ని, మీ పిల్లల్లో ఏ గుణం ఉండాలని కోరుకుంటారని అడిగాడు. ఫ్యాక్టరీలో మేస్త్రి కళ్లెదుట, చెప్పింది చెప్పినట్టు చేసే పనిలో ఉన్న తండ్రి, పిల్లవాడు మాట వినాలన్నాడు. తన పనిని తనే నిర్ణయించుకునే ఉద్యోగంలో ఉన్న తండ్రి, పిల్లవాడు సొంతంగా ఆలోచించాలన్నాడు. అమెరికాలోనూ ఇంతే, ఇటలీలోనూ ఇంతే. తరవాత పోలండ్, జపాన్‌లలో చూసినప్పుడు కూడా పనికీ పెంపకానికీ ఈ లంకె కనిపించింది. ఆఫీసులో మనం ఎవరికి ఎలా తల వంచుతామో ఇంటికి వచ్చి పిల్లలకు అదే నేర్పుతున్నాం. ఆ పిల్లలే రేపు ఇంకో ఆఫీసులో కూర్చుంటారు. నాయకత్వం, పెంపకం, పని మూడూ ఒకే తాడు పేటలని నేననేది ఇందుకే.

అంతకు పదేళ్ల ముందే, 1959లో, బారీ, చైల్డ్, బేకన్ అనే ముగ్గురు వంద దాకా సమాజాల వివరాలు పోగేసి ఇలాంటిదే చెప్పారు. పశువుల్ని కాచే, పంట పండించే సమాజాల్లో పిల్లలకు బాధ్యత, విధేయత నేర్పుతారు. ఒక్క పూట ఏమరిస్తే మంద పోతుంది, మడి ఎండుతుంది. వేటాడి బతికేచోట చొరవ నేర్పుతారు. మన చెరువు కిందా కాలవ కిందా వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణ ఊళ్లో నీరటి ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసేవాడు, గోదావరి డెల్టాలో లస్కరు తూము తలుపు దగ్గర ఉండేవాడు. ఎగువ రైతు తన ఇష్టం వచ్చినట్టు చేస్తే దిగువ రైతు నారు ఎండిపోతుంది. అక్కడ పెరిగిన పిల్లవాడికి నీ ఇష్టం నీది అని నేర్పడం కుదిరే పని కాదు.

తూర్పు దేశాల పిల్లలు ఇలా, పడమటి పిల్లలు అలా అని గీత గీయడం ఎంత కష్టమో బియాట్రిస్, జాన్ వైటింగ్ దంపతులు 1975లో వేసిన ఆరు సంస్కృతుల పుస్తకం చూపిస్తుంది. 1950లలో ఆరు బృందాలు ఆరు ఊళ్లలో మకాం వేసి పిల్లలు ఏం చేస్తున్నారో కనిపెట్టి రాసుకున్నాయి. కెన్యా, మెక్సికో, ఫిలిప్పీన్స్, ఒకినావా, న్యూ ఇంగ్లండ్, మన ఉత్తరప్రదేశ్‌లోని ఖలాపూర్. కెన్యా ఊళ్లో ఆడవాళ్లు పొలం పనికి వెళ్తే అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు చంటివాళ్లను ఎత్తుకుని తిరిగేవాళ్లు. ఎదుటివాడికి సాయం చేయడంలో, ఆదుకోవడంలో ఆ ఊరితో పాటు మెక్సికో, ఫిలిప్పీన్స్ ఊళ్లు ఒక పక్కన నిలిచాయి. తనవైపు చూడమని అడగడంలో, సాయం కోరడంలో, ఎదుటివాళ్ల మీద పెత్తనం చేయడంలో రెండో పక్కన ఎవరున్నారు? న్యూ ఇంగ్లండ్ పిల్లలు, ఒకినావా పిల్లలు, వాళ్లతో పాటు ఖలాపూర్ రాజ్‌పుత్ పిల్లలు. మన రాజ్‌పుత్ పిల్లవాడు ఈ విషయంలో అమెరికా పిల్లవాడికి దగ్గర. కారణం, ఆ ఇళ్లలో పిల్లల చేతికి వచ్చిన పని తక్కువ. తమ్ముణ్ని చంకనేసుకుని పెరిగిన పిల్లకు వచ్చే గుణం ఉపదేశాలతో రాదు.

ఇక జపాన్‌లోని క్యోటోలో ఒక బడి కథ. జోసెఫ్ టోబిన్ బృందం జపాన్, చైనా, అమెరికాల్లో ఒక్కో బాలవాడిలో ఒక రోజంతా వీడియో తీసి, దాన్ని మూడు దేశాల టీచర్లకూ చూపించింది. 1989లో ఆ పుస్తకం వచ్చింది. క్యోటో తరగతిలో హిరోకి అని నాలుగేళ్ల అల్లరి పిల్లవాడు. పాట మధ్యలో అరుస్తాడు, కార్డులు విసిరేస్తాడు, పక్కవాడి చెయ్యి తొక్కి ఏడిపిస్తాడు. టీచరమ్మ అక్కడే ఉంది, చూస్తోంది, అడ్డు వెళ్లదు. ఒక పాప వచ్చి ఫిర్యాదు చేస్తే, నువ్వే వెళ్లి ఏదో ఒకటి చెయ్యమంటుంది. వీడియో చూసిన అమెరికన్, చైనా టీచర్లు నివ్వెరపోయారు. ఇది నిర్లక్ష్యం అన్నారు. క్యోటో టీచర్ల మాట వేరు. నేను కలగజేసుకుంటే మిగతా పిల్లలు హిరోకితో ఎలా నెగ్గుకురావాలో నేర్చుకునే అవకాశం పోతుంది, నలుగురిలో మెలగడం నలుగురే నేర్పాలి అని. ఒక టీచరుకు పాతిక, ముప్పై మంది పిల్లలున్నా వాళ్లకు ఎక్కువ అనిపించలేదు. పిల్లవాడు తెలివైనవాడు కదా, విసుగుపుట్టి అల్లరి చేస్తున్నాడేమో అని అమెరికన్లు అన్నప్పుడు, అంత తెలివైనవాడైతే ఎలా మెలగాలో తెలిసి ఉండాలి కదా అని జవాబొచ్చింది. తెలివి అన్న ఒక్క మాటకే రెండు చోట్లా రెండు అర్థాలు. జపాన్ అంటే క్రమశిక్షణ, బెత్తం, వరుస అనుకునేవాళ్లు ఈ బడి సంగతి తెలుసుకోవాలి. అక్కడి క్రమశిక్షణకు పునాది, పెద్దవాళ్లు చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డ ఆ నిమిషాల్లో ఉంది.

పడక దగ్గర కూడా ఇంత తేడా ఉంది. రిచర్డ్ ష్వెడర్ బృందం భువనేశ్వర్‌లోనూ షికాగో హైడ్ పార్క్‌లోనూ జనాన్ని, ఏడుగురున్న ఒక కుటుంబాన్ని గదుల్లో సర్దమని అడిగింది. షికాగో వాళ్లకు భార్యాభర్తలకు విడిగా గది ఉండడం ముఖ్యం. ఒరియా కుటుంబాలకు, చంటిపిల్లను ఒంటరిగా పడుకోబెట్టకూడదన్నది ముఖ్యం. అమ్మ కొంగు పట్టుకుని, నాయనమ్మ పక్కలో కథ వింటూ నిద్రపోయిన మనకు షికాగో పద్ధతి కఠినంగా తోస్తుంది. వాళ్లకు మన పద్ధతి ప్రమాదంగా తోస్తుంది. ఈ తేడా పుస్తకాల్లోనే ఉండిపోదు. 2011లో నార్వేలో శిశు సంక్షేమ అధికారులు ఒక భారతీయ జంట ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. చేత్తో తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పుల జాబితాలో చేర్చారని తల్లిదండ్రులు చెప్పారు. అవి కారణం కాదని అధికారులు అన్నారు. ఎవరి మాట ఎంత నిజమైనా, ఏడాదికి పైగా రెండు దేశాల మధ్య నలిగింది ఆ పిల్లలే. ఉద్యోగం మీద విదేశం వెళ్తున్న మన దంపతులకు వీసా కాగితాలతో పాటు ఆ దేశపు పిల్లల చట్టం కూడా ఎవరైనా వివరించి పంపితే బాగుండునని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

పెంపకం మీద వచ్చిన పరిశోధనల్లో నన్ను బాగా ఆలోచింపజేసినవి ఓపికను కొలిచిన రెండు. ఎదురుగా ఒక తీపి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తాను అని చెప్పి వెళ్లే ప్రయోగం ప్రపంచమంతా తెలిసిందే. బెటీనా లామ్ బృందం 2018లో అచ్చువేసిన ఫలితాల్లో, కామెరూన్‌లోని న్సో రైతుల నాలుగేళ్ల పిల్లలు పదిమందిలో ఏడుగురు ఆగారు. జర్మన్ మధ్యతరగతి పిల్లల్లో ముగ్గురు లోపే. ఎదురుగా తీపి పెట్టుకుని కొందరు న్సో పిల్లలు ఏకంగా కునుకు తీశారు. 2022లో కైచి యనవోకా, యూకో మునకాతా తదితరులు జపాన్, అమెరికా పిల్లల్ని పోల్చి చూస్తే ఇంకా చిత్రమైన సంగతి బయటపడింది. తినేదాని కోసం జపాన్ పిల్లలు ఎక్కువసేపు ఆగారు. రంగు కాగితం చుట్టిన కానుక కోసం అమెరికా పిల్లలు ఎక్కువసేపు ఆగారు. అందరికీ వడ్డించేదాకా ఆగడం జపాన్ ఇళ్లలో రోజూ అలవాటు. క్రిస్మస్‌కూ పుట్టినరోజుకూ కానుక విప్పకుండా ఆగడం అమెరికా ఇళ్లలో అలవాటు. మనింట్లో వినాయక చవితి నాడు నైవేద్యం పెట్టేదాకా ఉండ్రాళ్ల వైపు చెయ్యి చాపని అయిదేళ్ల పిల్లను చూడండి, ఓపిక లేని పిల్ల అని ఎవరంటారు? అదే పిల్ల పుట్టినరోజు డ్రస్సు కొన్న రోజే వేసుకుంటానని ఏడుస్తుంది. ఓపిక అలవాటైన చోట వస్తుంది.

దేశాల మధ్య తేడా కంటే దేశం లోపల తేడా పెద్దదని కూడా గుర్తుంచుకోవాలి. తల్లికీ చంటిబిడ్డకూ ఉండే అనుబంధం మీద ఎనిమిది దేశాల్లో జరిగిన 32 అధ్యయనాల్ని వాన్ ఐజెన్‌డోర్న్, క్రూనెన్‌బర్గ్ 1988లో ఒకచోట చేర్చి చూస్తే, ఒకే దేశం లోపలి తేడాలు దేశాల మధ్య తేడాలకు ఒకటిన్నర రెట్లున్నాయి. దేశం దాకా ఎందుకు, ఒక ఇంటి లోపలే ఉంటుంది. సత్య నాదెళ్ల తన పుస్తకంలో చెప్పిన సంగతి ఉంది. తండ్రి ఐఏఎస్ అధికారి, కొడుకు గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ పెట్టారు. తల్లి సంస్కృతం చదువుకున్నావిడ, లక్ష్మీదేవి బొమ్మ పెట్టారు. ఆ గదిలో పెరిగిన పిల్లవాడి విలువలు తెలుగువా, భారతీయమా అని అడిగితే ఏం చెప్పగలం?

పద్ధతులన్నీ మంచివే, ఎవరి పద్ధతి వాళ్లది అని నేను అనడం లేదు. కొట్టడం దగ్గర నాకు ఆ ఉదారత లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తం పట్టుకునే మనవాళ్లు, ఇది మన పెంపకం, పాశ్చాత్యులకు అర్థం కాదు అంటారు. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం 2005లో ఆరు దేశాల్లో, మన దేశంతో సహా, ఇదే ప్రశ్న వేసింది. కొట్టడం మామూలు అనుకునే సమాజంలో పిల్లలకు దాని హాని కొంత తగ్గిన మాట నిజమే. కానీ హాని పోలేదు. దెబ్బలు తిన్న పిల్లల్లో భయం, దుడుకుతనం అన్ని దేశాల్లోనూ ఎక్కువే. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా కొట్టడాన్ని నిషేధించింది. అంతకు ముందు అక్కడి తల్లిదండ్రులూ కొట్టినవాళ్లే. మన విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షన్ కింద బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బడి గడప దాటి ఆ చట్టం ఇంట్లోకి రాలేదు.

నాయకత్వం దగ్గరికి వస్తాను. 1977 మార్చి 27న టెనరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్ అనుమతి రాకుండానే విమానాన్ని పరుగు తీయించినవాడు డచ్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్, ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో అని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఇంజనీరు ఊరుకున్నాడు. 1997 ఆగస్టు 6న గువామ్‌లో కొరియన్ ఎయిర్ విమానం కొండను ఢీకొని 228 మంది పోయినప్పుడు ప్రపంచమంతా కొరియా సంస్కృతిని తప్పుపట్టింది, పెద్దలకు ఎదురు చెప్పలేని జాతి అంది. నెదర్లాండ్స్ పైవాడికీ కిందివాడికీ మధ్య దూరం తక్కువని హాఫ్‌స్టెడ్ మార్కులిచ్చిన దేశం. టెనరిఫే తరవాత డచ్ సంస్కృతి మీద అంత నింద పడలేదు. గువామ్ ప్రమాదంలో పైలట్ అలసట, పక్కవాళ్లు గట్టిగా హెచ్చరించకపోవడంతో పాటు, విమానం ప్రమాదకరంగా కిందికి దిగుతోందని కంట్రోలర్‌ను హెచ్చరించే అమెరికా రాడార్ ఏర్పాటును అక్కడ పనిచేయకుండా చేసి ఉంచడం కూడా కారణమని అమెరికా దర్యాప్తు సంస్థే తేల్చింది.

ఆ తరవాత జరిగింది ముఖ్యం. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాణ్ని ఎలా హెచ్చరించాలో, పెద్దవాడు ఎలా వినాలో నేర్పే శిక్షణ 1979లో నాసా జరిపిన సమావేశం నుంచి పుట్టి ప్రపంచమంతా పాకింది. కొరియన్ ఎయిర్ కూడా శిక్షణను మొదలంటా మార్చింది. 1999 తరవాత ఆ సంస్థ విమానాల్లో ప్రమాదంలో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. కొరియా వాళ్లు ఈలోగా వేరే జాతి అయిపోలేదు. ఏర్పాటు మారింది.

పెద్దవాడికి కాదని చెప్పడం మనకూ కష్టమే. దానికి మన భాషలో ఎన్ని సున్నితమైన దారులున్నాయో! సంబంధం చూసి వెళ్లినవాళ్లు జాతకాలు చూపించి కబురు చేస్తామంటే వద్దని అర్థం, ఆ సంగతి రెండు వైపులా తెలుసు. చూద్దాం అంటే ఇప్పట్లో కాదని. అలాగేనండి అంటే మీరు చెప్పింది విన్నానని మాత్రమే కొన్నిసార్లు. హైదరాబాద్ కుర్రవాడు షికాగో మేనేజరుతో, శుక్రవారానికి పూర్తిచేయడానికి ప్రయత్నిస్తానండి అన్నప్పుడు మనకు వెంటనే అర్థమవుతుంది, అది శుక్రవారానికి కాదని. మేనేజరు క్యాలెండర్‌లో శుక్రవారం రాసుకుంటాడు. ఇందులో అబద్ధం లేదు, పిరికితనం లేదు. వినేవాడికి ఆ భాష రాదు, అంతే. ఆ మేనేజరు ఒక్క మాట మార్చి, శుక్రవారానికి కావాలంటే నీకు ఏమేం అడ్డొస్తాయి అని అడిగితే చాలు, మనవాడు అన్నీ చెబుతాడు.

పట్నాలో ఉండి పనిచేసిన జె.బి.పి. సిన్హా 1980లో ఈ విషయం మీద ఒక మంచి పుస్తకం రాశారు. మన ఆఫీసుల్లో కుదిరే నాయకుడు ఆదరంతో పని చేయించుకునేవాడని ఆయన సిద్ధాంతం. కింది ఉద్యోగి ఇంటి కష్టం పట్టించుకుంటాడు, కానీ ఆ ఆదరం పని చేసినవాడికే. ఈ మాట వరకే చాలామంది గుర్తుంచుకుని, చూశారా, మనకు తండ్రిలాంటి బాసే కావాలి అంటారు. సిన్హా అక్కడ ఆగలేదు. ఉద్యోగి చెయ్యి తిరిగేకొద్దీ నాయకుడు పట్టు వదులుతూ, చివరకు నిర్ణయాల్లో భాగం ఇవ్వాలన్నారు. సగం సిద్ధాంతాన్ని తీసుకుని పెత్తనానికి వాడుకోవడం ఆయనకు చేసిన అన్యాయం. జపాన్ కంపెనీల్లో నెమవాషి అనే పద్ధతి ఉంది. మొక్కను మరో చోట నాటే ముందు వేళ్ల చుట్టూ మట్టిని సిద్ధం చేయడం అని ఆ మాటకు అర్థం. సమావేశానికి ముందే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అభిప్రాయం కనుక్కుంటారు. పైకి ఎంత వరుసలున్నా లోపల అడగడం ఉంది. జర్మనీలో రెండు వేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీ పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవని 1976 చట్టం. బాసుతో జర్మన్ ఉద్యోగి ధైర్యంగా మాట్లాడతాడంటే ఆ ధైర్యానికి వెనక చట్టం ఉంది.

పని దగ్గర మన చర్చ మరీ పైపైన నడుస్తోంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, యువత వారానికి 70 గంటలు పనిచేయాలని, యుద్ధం తరవాత జర్మనీ, జపాన్ అలాగే లేచాయని అన్నారు. ఆ రెండు దేశాల పేర్లు ఎత్తితే కథ మొత్తం చెప్పాలి. ఆర్థికవేత్త హా-జూన్ చాంగ్ 2007 నాటి పుస్తకంలో గుర్తుచేసినట్టు, 1915లో జపాన్ ఫ్యాక్టరీలు చూసిన ఒక ఆస్ట్రేలియా నిపుణుడికి అక్కడి కార్మికులు తీరిగ్గా, కాలం విలువ తెలియనట్టు కనిపించారు. అంతకు వందేళ్ల ముందు బ్రిటిష్ యాత్రికులు జర్మన్లను సోమరులన్నారు. కష్టపడే గుణం రక్తంలో ఉన్న జాతులైతే ఆ మాట ఎందుకొచ్చింది? యుద్ధం తరవాత జర్మన్ కార్మికుడు చెమటోడ్చిన మాట నిజం. 1951లోనే బొగ్గు, ఉక్కు పరిశ్రమల బోర్డుల్లో అతనికి సమాన స్థానం ఇచ్చిన మాట కూడా నిజం. జపాన్ పెద్ద కంపెనీ ఉద్యోగి రాత్రిదాకా కూర్చున్నాడు, బదులుగా పదవీ విరమణ దాకా ఉద్యోగం ఉంటుందన్న హామీ పొందాడు. చెమట ఆ బేరంలో సగం. రెండో సగం ఊసెత్తకుండా మొదటి సగాన్ని మన పిల్లల్ని అడుగుతున్నారు.

ఆ బేరం కూడా జపాన్‌లో ప్రాణాలు తీసింది. పని ఒత్తిడితో చనిపోవడానికి వాళ్ల భాషలో కరోషి అనే మాటే పుట్టింది. 2014లో దాన్ని నివారించడానికి చట్టం చేశారు, 2018లో ఓవర్‌టైమ్‌కు నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు హద్దు పెట్టారు, రద్దీ నెలలకు మినహాయింపులతో. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా వారానికి ఆరు రోజులు పనిచేయించే పద్ధతి చట్ట విరుద్ధమని చైనా సుప్రీం కోర్టు 2021 ఆగస్టులో చెప్పింది. జర్మన్ ఉద్యోగి ఇవాళ ఏడాదికి సగటున దాదాపు 1,340 గంటలే పనిచేస్తాడు. సోమరులని ఐరోపా ఈసడించిన గ్రీకులు 1,880కి పైనే. మనవైపు చూస్తే, తెలంగాణ 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి అనుమతించింది, వారానికి 48 గంటల హద్దు ఉంచింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజువారీ హద్దును తొమ్మిది నుంచి పదికి పెంచే సవరణకు దిగింది.

కష్టపడే తీరు ఏర్పాటును బట్టే ఉంటుందన్న ఈ పాఠం మన పొలాల్లో ఎప్పటినుంచో ఉంది. రోజు కూలికి పిలిస్తే నాట్లు నింపాదిగా సాగుతాయి, రైతు గట్టు మీద గొడుగు వేసుకుని కాపలా కూర్చుంటాడు. అదే ముఠాకు ఎకరం ఇంతని గుత్తకిస్తే పొద్దు పొడవక ముందే దిగి మధ్యాహ్నానికి మడి అప్పజెప్పి ఇంకో మడికి పోతారు. అవే చేతులు, అదే నడుం నొప్పి. నాట్లేసిన ఈ ఆడవాళ్లు ఇంటికెళ్లాక చేసే పనికి కూలీ లేదు, గుత్తా లేదు. 2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. 70 గంటల లెక్క వేసేవాళ్లు ఆ 299 నిమిషాల్ని ఏ పద్దులో రాస్తారు?

చివరగా, చాప మీది పెన్ను దగ్గరికి. మథియాస్ డొయెప్కె, ఫాబ్రిజియో జిలిబోట్టి 2019లో రాసిన పుస్తకంలో, ఆదాయాల తేడా తక్కువగా ఉన్న స్వీడన్ లాంటి చోట తల్లిదండ్రులు పిల్లల్ని వాళ్ల మానాన వదులుతున్నారని, తేడా ఎక్కువున్న చైనా, అమెరికాల్లో వెంటపడి చదివిస్తున్నారని చూపించారు. ఒక్క పరీక్షలో ర్యాంకు తప్పితే జీవితం వేరే మెట్టు మీద పడిపోయే చోట ఏ తల్లికైనా భయం ఉంటుంది. కాబట్టి తెల్లవారుజామున లేపి రాత్రి పదిదాకా చదివించే రెసిడెన్షియల్ కాలేజీలో బిడ్డను వదిలి, గేటు బయట కళ్లు తుడుచుకునే మన తల్లిని నేను తప్పుపట్టలేను. సీట్లు, జీతాలు, ఉద్యోగాలు ఉన్న తీరు ఆవిడ చేత ఆ పని చేయిస్తోంది. ఆ తీరు మార్చమని ప్రభుత్వాలను అడుగుతూనే ఉండాలి. అది మారేదాకా ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. వచ్చే వేసవిలో పదో తరగతి ఫలితాలు రాగానే, కాలేజీ ఏజెంటు ఫోను ఎత్తే ముందు, పిల్లను కూర్చోబెట్టి నీకేం చదవాలనుంది అని అడగండి. అమ్మా నాన్నా ఏమనుకుంటున్నారో కూడా దాచకుండా చెప్పండి. జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టినా ఆగండి.